స్కాట్లండ్ పల్లెలో గాసిప్ కాలమిస్ట్ హత్య: 40 ఏళ్ల నాటి నవ్వుల నవల విలేకరులను ఏమడుగుతోంది?

ఊరి ముందు సముద్రపు పాయ, వెనక కొండలు. చేపలు పట్టడం నేర్చుకుందామని ఏడెనిమిది మంది సెలవుపెట్టి ఆ ఊరి హోటల్లో దిగారు. అందులో ఒకావిడ లండన్ పత్రికలో గాసిప్ కాలమ్ రాస్తుంది. పేరు లేడీ జేన్ వింటర్స్. తోటివాళ్లలో ఎవరి గతం ఏమిటో ఆమెకు తెలుసు. తనకు తెలుసన్న సంగతి వాళ్లకు అర్థమయ్యేలా, నలుగురి ముందే సూటిపోటి మాటలు విసురుతుంటుంది. సెలవులు పూర్తికాకముందే ఆమె హత్యకు గురవుతుంది. మెడకు బిగిసినది చేపలు పట్టే గాలం దారం.

చంపిందెవరన్నది పోలీసులకు చిక్కుముడి. చదివేవాళ్ల చిక్కు వేరు. ఆమెను చంపాలని అనిపించనివాళ్లు ఆ హోటల్లో ఒక్కరైనా ఉన్నారా అని మనం వెతుక్కుంటూ ఉంటాం.

ఎం.సి. బీటన్ రాసిన 'డెత్ ఆఫ్ ఎ గాసిప్' కథ ఇది. 1985లో వచ్చింది. కానిస్టేబుల్ హేమిష్ మాక్‌బెత్ కనిపించే 30కి పైగా నవలల్లో ఇదే మొదటిది. రైలు ప్రయాణంలో నవ్వుకుంటూ చదివి పక్కన పెట్టేసే పుస్తకమని దీనికి పేరు. ఆ పేరు అన్యాయమైనదేమీ కాదు. అయితే ఇతరుల రహస్యాలు తెలుసుకోవడమే వృత్తిగా బతికే విలేకరులకు ఈ నవల ఓ ఇబ్బందికరమైన ప్రశ్న వేస్తుంది. ఆ ప్రశ్న వేసిన రచయిత్రి కూడా విలేకరే కావడం ఇందులో విశేషం.

ఫ్యాషన్ నుంచి నేరాల దాకా

ఎం.సి. బీటన్ కలం పేరు. అసలు పేరు మేరియన్ చెస్నీ. 1936లో గ్లాస్గోలో పుట్టారు. పుస్తకాల దుకాణంలో పనిచేస్తున్న రోజుల్లో ఓ దినపత్రికకు నాటక సమీక్షలు రాసే అవకాశం వచ్చింది. ఆ తర్వాత 'స్కాటిష్ ఫీల్డ్' అనే మాసపత్రికలో ఫ్యాషన్ ఎడిటర్ అయ్యారు. కోటలు, ఎస్టేట్లు, వేట, చేపల సరదాలు, పెద్దింటి పెళ్లిళ్లు ఆ పత్రిక లోకం. అక్కడి నుంచి 'స్కాటిష్ డైలీ ఎక్స్‌ప్రెస్'కు మారి నేర వార్తలు రాశారు. జమీందారు భార్య ఏ గౌను తొడుక్కుందో రాసిన చేతులే, గ్లాస్గో పేటల్లో ఎవరు ఎవరిని పొడిచారో రాయడం మొదలుపెట్టాయన్నమాట.

తర్వాత లండన్ చేరి, అప్పట్లో బ్రిటన్ పత్రికలన్నిటికీ అడ్డా అయిన ఫ్లీట్ స్ట్రీట్‌లో పనిచేశారు. పాత్రికేయుడైన భర్త హ్యారీ స్కాట్ గిబ్బన్స్‌తో కలిసి అమెరికా వెళ్లారు. అక్కడ మొదట్లో రోజులు గడవక ఇద్దరూ ఓ చిన్న హోటల్లో పనిచేయాల్సి వచ్చింది. చివరికి రూపర్ట్ మర్డోక్ కొత్తగా పెట్టిన 'స్టార్' టాబ్లాయిడ్‌లో ఉద్యోగాలు దొరికాయి. సినిమా తారల సంసారాలు, విడాకులు ఎలా అమ్ముడుపోతాయో లోపలి నుంచి చూసే అవకాశం అలా వచ్చింది.

పత్రికల పని మానేశాక ఆమె 19వ శతాబ్దపు ఇంగ్లండ్ నేపథ్యంతో వందకు పైగా ప్రేమ నవలలు రాశారు. ఓసారి సెలవులకని స్కాట్లండ్ ఉత్తర ప్రాంతమైన సదర్లండ్ వెళ్లి, చేపలు పట్టడం నేర్పే బడిలో చేరారు. వేళ్లు కొంకర్లుపోయే చలిలో కొత్త ముఖాల మధ్య నిలబడి గాలం విసురుతుంటే హేమిష్ మాక్‌బెత్ కథ తట్టింది. తర్వాత భార్యాభర్తలిద్దరూ సదర్లండ్‌లోనే చిన్న కమతం కొని, గొర్రెలు పెంచుతూ కొన్నాళ్లు ఉన్నారు. 2019 డిసెంబరులో ఆమె మరణించేనాటికి బ్రిటన్ ప్రజా గ్రంథాలయాల్లో పాఠకులు ఎక్కువగా తీసుకెళ్లే రచయితల్లో ఆమె ఒకరు.

నల్లచెరువు కానిస్టేబుల్

నవల జరిగే ఊరు లోఖ్‌డూ. స్కాట్లండ్ కొండప్రాంతాల పాత భాష గేలిక్‌లో ఆ మాటకు అర్థం నల్లచెరువు. మనకూ ఆ పేరుతో ఊళ్లున్నాయి కానీ, ఈ లోఖ్‌డూ మాత్రం కల్పితం. అది ఉన్న సదర్లండ్ నిజమైనదే. బ్రిటన్ ఉత్తరపు కొసలో ఉన్న ఈ ప్రాంతం పేరుకు అర్థం 'దక్షిణ దేశం'. ఇంకా ఉత్తరాన ఉన్న దీవుల నుంచి ఓడల్లో వచ్చిన నార్స్ జనానికి ఇది దక్షిణంగానే కనిపించింది మరి. వైశాల్యం 5 వేల చదరపు కిలోమీటర్లకు పైనే, జనాభా సుమారు 13 వేలు. మన దగ్గర ఓ మామూలు మండలంలో ఉండే జనం కన్నా తక్కువ.

ఇలాంటి చోట పోలీసు స్టేషనంటే ఒకే ఒక్క కానిస్టేబుల్. స్టేషనూ ఇల్లూ ఒకటే. వెనక కోళ్లు, గొర్రెలు. హేమిష్ పొడుగ్గా, ఎర్రజుట్టుతో, ఎప్పుడు చూసినా తీరిగ్గా కనిపిస్తాడు. ఎవరింటికి వెళ్లినా కాఫీ ఇచ్చేదాకా కదలడు. జమీందారు నదిలో దొంగచాటుగా సాల్మన్ చేపలు పడతాడు. కేసు తేల్చినప్పుడల్లా ఆ ఘనత స్ట్రాత్‌బేన్ పట్టణం నుంచి వచ్చే నోటి దురుసు అధికారి బ్లెయిర్‌కు వదిలేస్తాడు. ప్రమోషన్ వస్తే బదిలీ కూడా వస్తుందని భయం.

షేక్‌స్పియర్ మాక్‌బెత్‌ను పదవీకాంక్ష నాశనం చేసింది. ఈ మాక్‌బెత్‌కు ఆ జబ్బు లేకపోవడమే నవల పేర్లతో ఆడిన మొదటి హాస్యం. కానీ సోమరితనంగా కనిపించేదాని వెనక ఓ లెక్కుంది. హేమిష్ ఏడుగురు సంతానంలో పెద్దవాడు. తమ్ముళ్లు, చెల్లెళ్లు స్థిరపడేదాకా పెళ్లి ఊసెత్తకుండా ఇంటికి డబ్బు పంపుతుంటాడు. గుడ్లు అమ్మినా, కొండలెక్కే పరుగు పందెంలో బహుమతి గెలిచినా, చివరికి ఆ కాఫీ ఊరికే తాగినా అదంతా ఇంటికి పంపే డబ్బు కోసమే. పెద్దకొడుకు బరువు తెలిసిన తెలుగు పాఠకులకు ఈ పాత్రను విడమర్చి చెప్పనక్కర్లేదు.

నవ్వు ఎవరి మీద?

హాస్య డిటెక్టివ్ అనగానే మనకు గుర్తొచ్చేది 'చంటబ్బాయ్'. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల తీసిన ఆ సినిమాలో నవ్వంతా డిటెక్టివ్ మీదే. హేమిష్ కథలో నవ్వు అతన్ని తెలివితక్కువవాడనుకునే వాళ్ల మీదికి మళ్లుతుంది. పట్నం నుంచి వచ్చిన పెద్దమనుషులు పల్లెటూరి కానిస్టేబుల్‌ను చూసి పెదవి విరుస్తారు. అతను కాఫీ కప్పు పట్టుకుని అమాయకంగా నిలబడి వాళ్ల మాటలన్నీ వింటుంటాడు.

స్కాట్లండ్ పల్లె హాస్యానికి ఇది పాత బాణీ. పత్రికల వాళ్లే దాన్ని ఎక్కువగా పెంచి పోషించారు. నీల్ మన్రో 1905లో 'గ్లాస్గో ఈవెనింగ్ న్యూస్'లో మొదలుపెట్టిన పారా హ్యాండీ కథల్లో ఓ చిన్న సరుకుల పడవ కెప్టెన్ గొప్పలు చెప్పుకుంటూ, అధికారుల కళ్లుగప్పుతూ తిరుగుతాడు. 'గ్రామఫోన్' సంగీత పత్రికను స్థాపించిన కాంప్టన్ మెకెంజీ 1947లో 'విస్కీ గేలోర్' రాశారు. 1941లో ఎరిస్కే దీవి దగ్గర విస్కీ సరుకుతో వెళ్తున్న ఓడ నిజంగానే చిక్కుకుపోయింది. దీవి జనం ఆ సీసాలను ఎలా దక్కించుకుని దాచుకున్నారన్నది మెకెంజీ నవల్లో కథ. ఈ రచనలన్నిటిలో చట్టం బయటినుంచి వస్తుంది. ఊరు దానికి ఎదురు తిరగదు, నవ్వుతూ పక్కదారి పట్టిస్తుంది.

ఆ నవ్వు వెనకున్న చరిత్ర నవ్వులాట కాదు. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో సదర్లండ్ ఎస్టేట్ వేలమంది రైతులను లోయల నుంచి వెళ్లగొట్టి ఆ భూముల్ని గొర్రెల పెంపకందార్లకు కౌలుకిచ్చింది. ఆ ప్రాంతం ఇంత నిర్జనంగా ఉండటానికి అదొక ముఖ్య కారణం. భూమి ఇప్పటికీ కొద్దిమంది చేతుల్లోనే ఉంది. గ్రామీణ స్కాట్లండ్‌లోని ప్రైవేటు భూమిలో సగం 432 మంది యజమానులదేనని 2014లో భూసంస్కరణల సమీక్ష బృందం నివేదిక పేర్కొంది. సాల్మన్ చేపలు పట్టే హక్కు కూడా అక్కడ ఆస్తి హక్కే. భూమిలాగే దాన్ని కొనొచ్చు, అమ్మొచ్చు. అందుకే పోలీసు జమీందారు చేపను దొంగిలించడం స్కాట్లండ్ పాఠకుడికి రెండింతలు నవ్వు తెప్పిస్తుంది. తాతల నాటి బాకీలో కొంత వసూలైనట్టు అనిపిస్తుంది.

ఇద్దరిదీ ఒకటే విద్య

అసలు విషయం ఇక్కడే ఉంది. లేడీ జేన్, హేమిష్ చేసే పని నిజానికి ఒకటే. ఇద్దరూ మనుషుల్ని కదిలించి మాట్లాడిస్తారు. ఇద్దరికీ దూరాన మనుషులున్నారు. లేడీ జేన్‌కు పెద్ద వర్గాల్లో పరిచయాలుంటే, హేమిష్‌కు ఖండాంతరాల్లో చుట్టాలున్నారు. ఉపాధి కోసం దేశదేశాలకు వెళ్లిన హైలాండ్స్ కుటుంబాల్లో ఎవరో ఒకరు అన్ని చోట్లా ఉంటారు. అందులో ఒకరు లండన్ పత్రికలోనే పనిచేస్తుంటారు. అనుమానితుల గతం గురించి హేమిష్ వాళ్లకు ఫోన్లు చేసి తెలుసుకుంటాడు. విలేకరి భాషలో చెప్పాలంటే అతనికి మంచి 'సోర్సులు' ఉన్నాయి.

దర్యాప్తు సాగేకొద్దీ లేడీ జేన్ ఎరిగిన రహస్యాలన్నీ హేమిష్ చేతికీ వస్తాయి. వాటిలో చాలావరకు నేరాలు కావు. చిన్నప్పుడెప్పుడో చేసిన పొరపాటు, గొప్ప కోసం ఆడిన అబద్ధం, ఇంట్లో నలుగుతున్న గొడవ లాంటివి. హత్యకు సంబంధం లేదని తేలగానే హేమిష్ వాటిని మరిచిపోతాడు. లేడీ జేన్ మాత్రం వాటిని చేతిలో పట్టుకుని ఆడించింది. విషయం ఇంకా అచ్చుకాలేదు, అసలు అవుతుందో లేదో కూడా ఎవరికీ తెలియదు. అయినా ఆ భయంతోనే అందరి సెలవులూ నరకమయ్యాయి. అచ్చేసే శక్తి ఉన్న మనిషి నోరు విప్పకుండానే ఇతరుల్ని ఎంత హింసించగలదో ఈ తేలికపాటి నవల చాలా స్పష్టంగా చూపిస్తుంది.

ఈ తేడాకు స్వభావం ఒక్కటే కారణం కాదు, స్థలం కూడా కారణమే. లేడీ జేన్ వారం తర్వాత రైలెక్కి వెళ్లిపోతుంది. హేమిష్ రేపు పొద్దున పాలకోసం, తపాలాకోసం అదే వీధిలో నడవాలి, అవే ముఖాల్ని చూడాలి. నగరంలో కూర్చుని రాసే కలానికి దొరకని అదుపు పల్లెటూళ్లో ఉన్న ఒకే ఒక్క వీధి నుంచి దొరుకుతుంది. చిన్న పట్టణాల్లో కంట్రిబ్యూటర్లుగా పనిచేసిన ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. వార్త రాసిన మర్నాడు టీ కొట్టు దగ్గర ఎదురుపడేది ఆ వార్తలోని మనిషే.

టాబ్లాయిడ్ మూతపడిన రోజు

లేడీ జేన్ అతిశయోక్తి పాత్ర అనుకునేవాళ్లకు 2011 జులై ఓ జవాబిచ్చింది. 1843 నుంచి నడుస్తున్న బ్రిటన్ ఆదివారపు టాబ్లాయిడ్ 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' ఆ నెల 10న చివరి సంచిక వేసి మూతపడింది. సినిమావాళ్లు, రాజకుటుంబ సభ్యులతోపాటు హత్యకు గురైన ఓ బాలిక ఫోన్ సందేశాల్ని సైతం ఆ పత్రిక తరఫున దొంగచాటుగా విన్నారని బయటపడటమే కారణం. పత్రిక యజమాని మర్డోక్ సంస్థే. ఆ తర్వాత జస్టిస్ లెవిసన్ విచారణ జరిగింది. 2012 నవంబరులో నివేదిక వచ్చింది. ఇతరుల రహస్యాల్ని సరుకుగా చూసే అలవాటు ఎంతమంది జీవితాల్ని చిందరవందర చేసిందో బాధితులే వచ్చి సాక్ష్యం చెప్పారు.

ఫ్లీట్ స్ట్రీట్‌నూ మర్డోక్ టాబ్లాయిడ్‌నూ చూసొచ్చిన చెస్నీ తన మొదటి హత్యకు గాసిప్ కాలమిస్ట్‌ను ఎంచుకోవడం యాదృచ్ఛికమని నమ్మడం కష్టం. ఎలుగెత్తి విమర్శించకుండా ఆమె ఆ వృత్తిని ఓ హోటల్లో కూర్చోబెట్టి, మిగతావాళ్ల ముఖాలు పాలిపోవడం చూపించారు. అంతే.

మరి మౌనం మంచిదేనా?

ఇంతవరకూ చదివితే హేమిష్ దారే సరైనదనిపిస్తుంది. తెలిసింది తెలిసినట్టే కడుపులో దాచుకుంటే గొడవే ఉండదు కదా. నవలకు ఈ ముగింపు సరిపోతుంది. విలేకరికి సరిపోదు. పల్లెల్లో మౌనం ఎప్పుడూ మంచివాళ్లనే కాపాడదు. చాలాసార్లు భూమి ఉన్నవాణ్ణి, పదవి ఉన్నవాణ్ణి కాపాడుతుంది. ఒక్క కానిస్టేబుల్ ఇష్టాయిష్టాల మీద న్యాయం ఆధారపడితే, అతను మంచివాడు కావడం మన అదృష్టం మాత్రమే.

దీనికి జవాబు నవల్లో కనిపించదు కానీ అదే కొండప్రాంతంలో ఉంది. స్కై దీవిలో 1972లో 'వెస్ట్ హైలాండ్ ఫ్రీ ప్రెస్' అనే వారపత్రిక మొదలైంది. దాని నినాదం గేలిక్ భాషలో ఉంటుంది. భూమి, భాష, జనం అని ఆ మాటలకు అర్థం. ఊళ్లో ఉండకుండా ఊరి భూమిని గుప్పిట్లో పెట్టుకున్న యజమానుల మీద ఆ పత్రిక పోరాడింది. పక్కనే ఉన్న రాసే దీవికి పడవల రేవు కట్టాలంటే స్థలం ఇవ్వడానికి ఇంగ్లండ్‌లో ఉండే ఓ యజమాని ఏళ్ల తరబడి ఒప్పుకోకపోతే, ఆ సంగతిని వదలకుండా రాసింది. ఆ విలేకరులూ హేమిష్‌లాగే మర్నాడు అదే వీధిలో నడవాల్సినవాళ్లు. అయినా రాశారు.

లేడీ జేన్‌కూ ఈ పత్రికకూ తేడా ధైర్యంలో లేదు. లేడీ జేన్‌కు ధైర్యం తక్కువేం కాదు. ఎవరి రహస్యం ఎంచుకున్నారన్నదే తేడా. బడి వయసు పొరపాటును తలుచుకుని వణికే గుమాస్తా అమ్మాయి రహస్యం బయటపెడితే ఎవరికీ మేలు జరగదు. ఊరి రేవును ఆపిన భూయజమాని నిర్ణయం ఎవరూ రాయకపోతే దీవి మొత్తం నష్టపోతుంది.

మన సుప్రీంకోర్టు కూడా దాదాపు ఇదే గీత గీసింది. తమిళ పత్రిక 'నక్కీరన్' సంపాదకుడు రాజగోపాల్ వేసిన కేసులో 1994లో ఇచ్చిన తీర్పులో, మనిషి వ్యక్తిగత జీవితాన్ని అనుమతి లేకుండా అచ్చువేయడం తప్పని కోర్టు చెప్పింది. అధికారులు తమ విధి నిర్వహణ గురించి రాసే రాతల్ని ముందే ఆపించలేరని కూడా అదే తీర్పు చెప్పింది. సొంత జీవితానికి రక్షణ ఉంది, అధికారానికి ఆ దాపరికం లేదు.

నవలకూ లోపాలున్నాయి

ఈ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. పాత్రలు చాలావరకు గీతబొమ్మలు. అమెరికన్లు డబ్బు గురించే ఆలోచిస్తారు, జమీందార్లు ఎప్పుడూ చిందులు తొక్కుతుంటారు. లేడీ జేన్ ఒళ్లు మీద వేసిన జోకులు ఈనాడు చదివితే ఎబ్బెట్టుగా ఉంటాయి. ఆ నేల చరిత్ర కథ వెనక ఉందే తప్ప కథలోకి పెద్దగా రాదు. రచయిత్రి కూడా గ్లాస్గో నుంచి వెళ్లినావిడే కాబట్టి, కొన్నిచోట్ల పల్లె పిక్చర్ పోస్ట్‌కార్డులా కనిపిస్తుంది. ఇక 30కి పైగా నవలల్లో అంత చిన్న ఊరి చుట్టూ జరిగిన హత్యలు లెక్కపెడితే అక్కడ జనం మిగలడమే వింత.

రక్తపాతం పెద్దగా లేకుండా, చిన్న ఊళ్లో, చివరికి అంతా సర్దుకునే ఇలాంటి కథల్ని ఇంగ్లిష్‌లో 'కోజీ' మిస్టరీలంటారు. బీటన్‌కు ఆ మాటంటే గిట్టేది కాదు. ఆ రోజుల్లో స్కాట్లండ్ నేరసాహిత్యం మరోవైపు నడుస్తోంది. విలియం మెకిల్వానీ 'లెయిడ్‌లా' 1977లో గ్లాస్గో చీకటి సందుల్ని, ఇయన్ రాంకిన్ 'నాట్స్ అండ్ క్రాసెస్' 1987లో ఎడిన్‌బరా లోపలి ముఖాన్ని చూపించాయి. విమర్శకుల మెప్పు వాటికే దక్కింది. హేమిష్‌కు దక్కింది పాఠకుల ప్రేమ. 1995 నుంచి 1997 దాకా బీబీసీ స్కాట్లండ్ తీసిన ధారావాహికలో రాబర్ట్ కార్లైల్ హేమిష్‌గా నటించాడు. అది తీసిన ప్లాక్‌టన్ గ్రామానికి పర్యాటకులు వరసకట్టారు.

హంతకులెవరో ఇక్కడ చెప్పడం లేదు, అది చదివి తెలుసుకోవాల్సిందే. పుస్తకం మూసేశాక కొన్నాళ్లకు ఆ పేరు మరిచిపోవచ్చు కూడా. కాఫీ కప్పుతో గుమ్మం దగ్గర నిలబడి, అందరి సంగతులూ విని, అవసరం లేనివాటిని అక్కడే వదిలేసి వెళ్లిపోయే కానిస్టేబుల్ మాత్రం గుర్తుండిపోతాడు. విలేకరి నోట్‌బుక్‌లోనూ అచ్చుకెక్కని పేజీలు కొన్ని ఉంటాయి. భయపడి వదిలేసిన పేజీ ఏది, దయతో వదిలేసిన పేజీ ఏది అన్నది అప్పుడప్పుడూ తిరగేసి చూసుకోవాలి. అది రాసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు.